రవికల టేపుతో కొలిచిన చక్రం

ఎనభైల మొదట్లో మింగిన నిజం ఒకటి ఇంకా నా గొంతులోనే అడ్డంపడి ఉంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను. దేవుడికి ఎప్పుడో చెప్పాను. ఆయనకు చెప్పడం సులువు, ఎవరితోనూ అనడు.

అప్పుడు మేం అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కోడలికి ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. చలికాలం గుంటల్లో పడి ఆమె కారు ముందు చక్రాలు రెండూ వంకరపోయాయి. పాత కార్ల యార్డులో వేరేవి చూసుకోమని, నా కొడుకు ఊరెళుతూ కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు. చక్రాన్ని బోర్లా పెట్టి, అంచు మీద కర్ర అడ్డంగా వేసి, అక్కణ్ణుంచి బోల్టులు బిగించే చోటి దాకా లోతు కొలవాలి. ఐదున్నర అంగుళాలుండాలి. ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందన్నది, కుదిరిందో లేదో అలా తెలుస్తుందట. లోతు తగ్గితే టైరు బయటికి పొడుచుకొచ్చి రేకుకు రాసుకుంటుందని మా ఇద్దరికీ చెప్పాడు.

కోడలు కర్ర పట్టుకుంది. టేపు నాది, రవికలు కుట్టే టేపు. చూశాను. నాలుగున్నర.

"సరిపోయిందా అత్తయ్యా?"

"సరిపోయింది."

చవగ్గా వస్తున్నాయని ఆశపడ్డాననుకుంటారేమో. నేను పొదుపుమనిషినే, కాని ఆ రోజు చేసింది పొదుపు కాదు. "పాపని మీరు చూసుకోండి, నేను డ్రైవ్ చేసుకుని పోతా" అన్న ఆమె ధీమా నేను ఓర్వలేకపోయాను.

యార్డువాడే బిగించాడు. ఇంటికొస్తుంటే మలుపు తిరిగినప్పుడల్లా బరబరమని శబ్దం.

"ఏంటత్తయ్యా అది?"

"మంచు గడ్డకట్టుంటుంది. పోనీ."

సోమవారం ఆమె ఒక్కతే వెళ్ళింది. మలుపులో టైరు చీలి కారు స్తంభానికి కొట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది, సరిగా అతకలేదు. ఉద్యోగం పోయింది.

కొడుకు తిరిగొచ్చి ఆమె మీదే విరుచుకుపడ్డాడు. "బొమ్మ గీసిచ్చినా కొలవడం చేతకాదా?"

"టేపు చూసింది అత్తయ్యేనండీ."

"నాకు అంకెలెక్కడొచ్చు నాయనా, మూడో తరగతి దాన్ని" అన్నాను.

వాడు నమ్మాడు. వాడి పెళ్ళి లాల్చీ ఆ టేపుతో కొలిచి కుట్టింది నేనే. "ఇంక డ్రైవింగ్ వద్దు, తాళాలియ్యి" అన్నాడు. ఆమె ఎడమచేత్తో ఇచ్చింది.

కారు మూలపడితే చాలనుకున్నానా? చెయ్యి విరగాలనుకోలేదని చాన్నాళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరి ఆ శబ్దం విని కూడా నోరు మూసుకుని, ఆదివారమంతా ఆమె ఉద్యోగానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే పక్కనే కూర్చుని బియ్యం ఏరుకున్నదాన్ని ఏమనాలి?

కోడలు ఆ తర్వాత నన్నొక్క మాటా అనలేదు. రవికలు మాత్రం మళ్ళీ నాచేత కుట్టించుకోలేదు. ఆమెకు తెలుసు. అయినా ఆమెతో అనను. అంటే నా కొడుకు ముందు ఆమె గెలుస్తుంది. ఇప్పటికీ నా బుద్ధి అదే.

మీతో అంటున్నాను, కాస్త ఊపిరాడుతోంది. ఐదున్నర కావాలి. నాలుగున్నరే ఉంది. ఆ అంకె నాకు బాగానే కనబడింది.