గోనెపట్టా కింద తుప్పు

నా చిన్నప్పుడు బందరులో మా తాతయ్యకి ఒక నల్ల కారు ఉండేది. అప్పటికే అది పాతకాలపు బండి. గుండ్రటి దీపాలు, లావుపాటి మడ్‌గార్డులు, తలుపు వేస్తే వీధి చివరి దాకా వినబడే చప్పుడు. తాతయ్య దాన్ని బాడుగకు తిప్పేవాడు. ఆదివారం పొద్దున మేమంతా అందులో చర్చికి వెళ్లేవాళ్లం, మధ్యాహ్నం నుంచి అది మోపిదేవి మొక్కుబళ్లకి వెళ్లేది. బండి తీసేముందు తాతయ్య స్టీరింగు మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేసుకునేవాడు. సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి బయల్దేరినవాళ్లు అది పూర్తయ్యేదాకా వెనక సీట్లో మాట్లాడకుండా కూర్చునేవాళ్లు.

సముద్రం పక్కన ఊరు కదా, ఉప్పుగాలి ఏ ఇనుమునీ వదలదు. మడ్‌గార్డుల అంచులు ఎర్రబడ్డాయి, డిక్కీ మూత మీద పొక్కులు లేచాయి. అన్నిటికంటే ఘోరం, వెనక సీట్లో కాళ్లు పెట్టుకునే చోట తుప్పు రేకుని తినేసి, నా పిడికిలి దూరేంత చిల్లు పడింది. అందులోంచి రోడ్డు పరుగెత్తడం చూస్తూ కూర్చోవడం నాకు మహా సరదాగా ఉండేది.

నాకు ఎనిమిదేళ్లు వచ్చిన ఏడాది మా పిన్నికి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. పిన్ని అంటే నాకు ప్రాణం. నాకు జడలు వేసేదీ అన్నం కలిపి పెట్టేదీ తనే. కారు అమ్మితేనే పిన్ని చేరగలదు. చేరడానికి మూడు వారాలే గడువు.

తుప్పు సంగతి ఏం చెయ్యాలన్న దగ్గర తాతయ్యకీ మావయ్యకీ పడలేదు. "లప్పం పెట్టి పైన రంగేయిద్దాం నాన్నా, రెండ్రోజుల్లో కొత్తబండిలా ఉంటది" అని మావయ్య. "వానాకాలం రాగానే ఆ లప్పం ఊడిపోతే కొన్నాయన మనల్నేమనుకుంటాడ్రా?" అని తాతయ్య. రేకు మార్చి వెల్డింగు చేయించాలంటే వారం పైన పడుతుంది, ఈలోగా వచ్చిన బేరం పోతే పిన్ని సీటూ పోతుంది. ఇద్దరూ ఎటూ తేల్చుకోకముందే దివిసీమ నుంచి ఒకాయన కారు చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది.

ఇక మా పిన్నిని నేనే గట్టెక్కించాలని నిశ్చయించుకున్నాను. ఆయన వచ్చే రోజు పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గరి గోనెపట్టా తెచ్చి, ఆ చిల్లు మీద ముడత లేకుండా పరిచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. తాతయ్య అద్దాలు తుడుస్తూ వెనక తలుపు తీశాడు, పట్టా చూశాడు, నన్ను చూశాడు. తలుపు వేసేసి మళ్లీ అద్దాలు తుడుచుకున్నాడు.

దివిసీమ ఆయన వచ్చాక ఇద్దరూ అరుగు మీద కాఫీ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను పట్టాకి కాపలాగా కారు దగ్గరే నిలబడ్డాను. చివరికి తాతయ్య లేచి, చిలకలపూడి దాకా ఒకసారి తిప్పి చూపిస్తానన్నాడు. ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుని, నన్ను పిలిచి వెనక సీటు చూపించాడు. "నువ్వు ఇక్కడ కూర్చో. కాళ్లు పట్టా మీద పెట్టుకో" అన్నాడు మామూలుగా.

అంతకుముందు రాత్రి వాన కురిసి రోడ్డంతా గుంటల్లో నీళ్లు నిలిచాయి. మొదటి గుంట దాటగానే పట్టా తడిసింది. రెండో గుంటకి దాని మధ్యలో పల్లం పడింది. నేను కాళ్లు పైకెత్తి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. ఆయన వెనక్కి తిరిగి, "మా అమ్మ కాలు విరిగి మంచంలో ఉంది పాపా. నెలకోసారి బందరు ఆస్పత్రికి తీసుకురావాలి. నువ్వు కూర్చున్న చోటే కూర్చుంటది" అన్నాడు. నేను తల దించుకున్నాను. కాసేపయ్యాక మళ్లీ, "కాళ్లు పైన పెట్టుకున్నావేంటమ్మా?" అని అడిగాడు.

తాతయ్య రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. చెబితే పిన్ని చదువు నా నోటితోనే పోతుంది. చెప్పకపోతే ఆ ముసలమ్మ విరిగిన కాలు ఆ చిల్లులో పడుతుంది. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. "కింద చిల్లుందండీ, నేనే కప్పేశాను" అని బావురుమన్నాను.

తాతయ్య బండి పక్కకి ఆపి, దిగి, పట్టా తీసి ఆయనకి చూపించాడు. "ఈ రేకు మార్పించే ఇస్తాను. పై తుప్పు మాత్రం ఉన్నదున్నట్టే ఉంచుతాను, మీ కళ్లతో మీరు చూసుకోండి" అన్నాడు. ఆయన వంగి చూసి, "అట్టాగే చేయించండి బాబాయి గారూ. రంగు జోలికి వెళ్లొద్దు, అది మా ఊళ్లో నేను చూసుకుంటాను" అని అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చాడు. పిన్ని గడువులోపలే చేరింది. ఇంటికొచ్చాక తాతయ్య ఆ సాయంత్రం పట్టా ఉతికి ఆరేయమన్నాడంతే.

పిన్ని ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒకరోజు నవ్వుతూ చెప్పింది. చిల్లు సంగతి, నేను కప్పిన సంగతి తాతయ్య అరుగు మీద కాఫీ తాగుతూనే ఆయనకి చెప్పేశాడట. బేరం కూడా అక్కడే కుదిరిపోయిందట. చిలకలపూడి ప్రయాణం నా కోసం పెట్టుకున్నది. వినగానే నాకు ఉక్రోషం వచ్చింది. అంత దూరం నన్ను అలా కూర్చోబెట్టి ఏడిపించారా అనుకున్నాను.

మొన్న మా మనవరాలు నా కళ్లజోడు విరగ్గొట్టి బీరువా వెనక దాచింది. దాచడం నేను చూశాను. నిలదీయబోయి ఎందుకో ఆగిపోయాను. రెండు రోజులు పేపరు ముఖానికి దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూస్తూ, నా కళ్లజోడు కనబడటం లేదని ఊరికే గొణుక్కుంటూ తిరిగాను. అడిగేద్దామని ఎన్నిసార్లు మాట నోటి దాకా వచ్చిందో. మూడో రోజు అది ముక్కలు గుప్పిట్లో పట్టుకుని, వెక్కుతూ నా ఒళ్లోకి వచ్చింది. దాన్ని దగ్గరికి తీసుకున్నప్పుడు నాకు తాతయ్య మీద ఉక్రోషమంతా పోయింది. వెనక సీట్లో నేను ఏడుపు ఆపుకుంటూ ఉంటే, వెనక్కి తిరిగి చూడకుండా బండి తోలడం ఆయనకెంత కష్టమైందో తెలిసింది.