తోడికోడలి వరండా

ఆ వీధిలో జాకెట్టు ఒంటికి చక్కగా అమరాలంటే ఆడవాళ్ళందరూ ఆవిడ దగ్గరికే వెళ్ళేవారు. చంక కింద ముడత పడనిచ్చేది కాదు, భుజం జారనిచ్చేది కాదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మిషనక్క. మొగుడు లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువగా ఉండేవాడు. అద్దె ఇంటి నడవలో, వచ్చేపోయేవాళ్ళకు కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తూ ఏళ్ళ తరబడి కుట్టింది. ఎప్పటికైనా సొంత ఇల్లు కట్టుకుంటే వీధి వైపు పెద్ద కిటికీ ఉన్న గది ఒకటి తన మిషనుకు ఉండాలని ఆమె కోరిక.

మామగారి స్థలం అన్నదమ్ములిద్దరికీ చెరిసగం వచ్చాక ఇల్లు కడదామన్న మాట ముందు ఎత్తింది ఆమే. కాంట్రాక్టరును వెతికిందీ ఆమే. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ప్రతి ఇల్లాలినీ, మీ ఇల్లెవరు కట్టారు, వానకు గోడ చెమ్మగిల్లుతోందా, పని అయిపోయాక పిలిస్తే పలుకుతాడా అని ఆరా తీసింది. ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళి, స్నానాల గదిలో చెంబుతో నీళ్ళు పోసి అవి ఎటు పారుతున్నాయో చూసి వచ్చింది. చివరికి చెవి మీద పెన్సిలుతో తిరిగే ఒక నడివయసు మనిషి నచ్చాడు. ఏది అడిగినా కాసేపు తల గోక్కుని గాని జవాబు చెప్పడు. అలా ఆలోచించి మాట్లాడేవాడు మోసం చెయ్యడని ఆమె నమ్మకం.

ఆఫీసులో ఉద్యోగం చేసే తోడికోడలు ఈ సంగతి విని, అక్క చూసిన మనిషైతే ఇక మనం వెతకడం దేనికి అని మొగుడితో చెప్పి, తమ ఇంటి పని కూడా ఆయనకే అప్పగించింది. మిషనక్కకు ముందు గర్వంగానే అనిపించింది. ఆ సాయంత్రానికి మాత్రం ఆ గర్వం నిలవలేదు. తను కాళ్ళరిగేలా తిరిగిన తిరుగుడంతా ఆ పిల్లకు కూర్చున్న చోట దక్కింది.

రెండిళ్ళకూ ఒకేసారి పునాదులు తీశారు. అప్పటినుంచి మిషనక్క కళ్ళు తన గోడల మీద కంటే పక్క గోడల మీదే ఎక్కువగా ఉండేవి. వాళ్ళ ఇటుక ఎర్రగా ఉంది, మాది పాలిపోయిందేమని నిలదీసింది. రెండూ ఒకే లారీలో దిగాయని కాంట్రాక్టరు ఓపిగ్గా చెప్పాడు. వాళ్ళ గోడలకు రెండుపూటలా నీళ్ళు పడుతున్నారని ఇంకోరోజు దెప్పింది. అసలు వాళ్ళతో అంత నవ్వుతూ మాట్లాడేవాడు తన దగ్గర ఎందుకు నవ్వడన్నదే ఆమె అసలు బాధ. అది పైకి అడిగే మాట కాదు గదా.

ఇలా ఉండగా పక్కింటి ముందు రెండు గుండ్రటి స్తంభాలు లేచాయి. తోడికోడలు వరండా వేయించుకుంటోంది. ఆ రాత్రి మిషనక్కకు కంటి మీద కునుకు పడలేదు. తెల్లారి కాంట్రాక్టరు రాగానే తనకూ అలాంటిదే కావాలంది.

ఆయన తల గోక్కున్నాడు. "వరండా వేస్తే మీ మిషను గది వెనక్కి పోతుందమ్మా. అక్కడ వెలుతురు ఉండదు. మీ పనంతా వెలుతురుతోనే కదా."

"లైటు వేసుకుంటాను. వాళ్ళకు పెట్టినట్టే పెట్టండి."

స్తంభాలు లేచాయి. తోడికోడలు చూసి మొహం మాడ్చుకుంటుందని మిషనక్క లోలోపల ఎదురుచూసింది. ఆ పిల్లేమో రెండిళ్ళూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయని సంబరపడింది. దాంతో మిషనక్క సంబరం కాస్తా నీరుగారిపోయింది.

కొత్తింట్లోకి వచ్చాక వరండా చూసి వీధంతా మెచ్చుకుంది. మిషను మాత్రం వెనక గదిలో పడింది. పట్టపగలు లైటు వేసుకున్నా తన నీడ తన కుట్టు మీదే పడేది. సూదిలో దారం ఎక్కించడానికి గుమ్మం దాకా వచ్చేది. వరండాలో కుట్టి చూస్తే దుమ్ము, గాలికి ఎగిరే గుడ్డ, ఆగి పలకరించే జనం. కాంట్రాక్టరును పిలిపించింది. ఆయన వెనక గది గోడను వేళ్ళతో తట్టి, ఇక్కడ తెరిస్తే మంచి కిటికీ వస్తుందని, అయితే అవతల సందు మరిదిగారిది కాబట్టి వాళ్ళు సరేనంటేనే కుదురుతుందని చెప్పాడు. తోడికోడలి దగ్గరికి వెళ్ళి దేహీ అనాలా అనుకుని, వద్దులెమ్మని పంపేసింది.

వానాకాలమంతా అలాగే ఈడ్చింది. కుట్టు ఆలస్యమై కొందరు ఖాతాదారులు వేరేచోటికి పోయారు. ఒకనాడు పాత ఖాతాదారు ఒకావిడ నల్ల జాకెట్టు తెచ్చి వరండాలో పరిచింది. ఒక చెయ్యి నలుపు, రెండోది ముదురు నీలం. తప్పు దిద్ది ఇచ్చాక మిషనక్క వెనక గదిలోకి వెళ్ళి, కాంట్రాక్టరు తట్టిన చోటే గోడను తనూ తట్టి చూసింది. తన చేతికి ఇలాంటి మాట ఎన్నడూ రాలేదు.

సెలవురోజు చూసి పక్కింటికి వెళ్ళింది. కాదంటే ఏం అనాలో దారిలోనే సిద్ధం చేసుకుంది. తోడికోడలు సందులో బట్టలు ఆరేస్తోంది.

"ఇటువైపు కిటికీ పెట్టుకుందామనుకుంటున్నాను," అంది మిషనక్క, గోడ వైపు చూస్తూ.

"పెట్టుకో అక్కా. దీనికీ అడగాలా?"

సిద్ధం చేసుకున్న మాటలతో పని పడలేదు. మిషనక్క మాట మార్చి, నీ వరండా బాగుంటుంది, హాయిగా కూర్చుంటావు అంది.

"ఎక్కడ కూర్చుంటానక్కా. ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. వచ్చాక వంటిల్లే," అంది ఆ పిల్ల, తడి దుప్పటి రెండో కొస ఆమె చేతికిస్తూ. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని పిండారు.

కాంట్రాక్టరు గోడ పగలగొట్టించి కిటికీ అమర్చాడు. ఉదయపు వెలుగు నేరుగా మిషను మీదికి వచ్చింది. చేజారిన ఖాతాదారులు కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. తోడికోడళ్ళిద్దరి మధ్యా కిటికీలోంచి కూరగిన్నెలు, కబుర్లు నడవడం మొదలైంది.

మిషనక్క అసూయ పూర్తిగా పోయిందంటే అబద్ధమే అవుతుంది. ఆ మరుసటి ఏడు పక్కింటికి కొత్త గేటు బిగిస్తుంటే ఆమెకు రెండు రోజులు అన్నం సయించలేదు. కాంట్రాక్టరుకు మాత్రం ఫోను చెయ్యలేదు.