నా మోటరు సైకిలుకు బస్సు హారను

నవ్వేటోళ్ళు ముందే నవ్వేసుకోండప్పా. మధ్యలో నవ్వితే నాకు కోపమొస్తాది. మొన్న ఆదివారం మా అత్తగారూరికి బస్సులో పోయినా. ఔ, బస్సులోనే! ఇంట్లో మోటరు సైకిలు పెట్టుకోని! ఆ బస్సులో నాకు జరిగిన మర్యాద మీకు చెప్పాలంటే ముందు ఆ ముదనష్టపు హారను సంగతి చెప్పాల. ఒక టీ చెప్పండి. చక్కెర జాస్తి వెయ్యమనండి.

నా బండి మీకు తెలిసిందే. మిలిటరీవోళ్ళు వేలమేస్తే పట్టుకొచ్చింది. పత్తి యాపారి దగ్గర గుమస్తాని, ఊర్లెంబడి తిరిగి పత్తి చూసొచ్చే పని, కాళ్ళీడ్చుకుంటా ఎన్నాళ్ళు తిరుగుతా? బండి చూస్తే దున్నపోతు మాదిరి ఉండాది. హారను మాత్రం 'పీ' అంటాది. రోడ్డుకడ్డం పండుకున్న బర్రెగొడ్లు దాన్ని లెక్క చేస్తాయా? ఒక బర్రె తలకాయ తిప్పి నన్ను ఎగాదిగా చూసి, మళ్ళ నెమరేసుకునె. ఆ పొద్దు నా మానం పోయిందప్పా!

నేరుగా జమ్మలమడుగు పోయినా. ఆడ మస్తానన్న బస్సులు రిపేరీ చేస్తాడు. ఆయన షెడ్డు వెనకాల ఒక పాత బస్సు చక్రాల్లేకుండా పడుండాది. పులివెందల - ప్రొద్దుటూరు బస్సుకు అది జోడీ. అది మూలపడినాక ఇప్పుడు ఒక్క బస్సే మిగిలింది, ఒక దినం వస్తాది, మర్నాడు పోతాది. ఆ పాత బస్సు హారను చూసినా. మూరెడు పొడుగు ఇత్తడి బూర, వెనక రబ్బరు బుడ్డ. నొక్కితే 'పోం...' అనె. షెడ్డు మీది పావురాలన్నీ లేచిపాయ.

"అన్నా, ఇది నా బండికి పెట్టు," అన్యా.

"రేయ్ అబ్బీ, ఇది బస్సు గొంతురా. ఇది ఇంటే జనాలు మూటలెత్తుకోని వస్తారు. అందర్నీ నువ్వు ఎక్కించుకుంటావా?"

"నీకెందుకన్నా, బిగించు!"

బిగించె. బిగించి, హ్యాండిలు తిప్పి చూసి, "యా అల్లా!" అని నెత్తి పట్టుకున్యాడు. ఏందంటే హ్యాండిలు ఎడమకు తిప్పితే బూర పోయి పెట్రోలు ట్యాంకుకు తగులుకుంటాది. తిరగదు.

"మరి ఎడమకు పోవాలంటే ఎట్లన్నా?"

"కుడికి మూడు తూర్లు తిరుగు. అదే ఎడమైతాది."

ఒట్టు, అట్లనే తిరిగినాను! మా ప్రొద్దుటూరు బజార్లో ఎడమపక్క అంగట్లో వక్కాకు కొనాలంటే వీధులన్నీ చుట్టుకోనొస్తాంటి. అయినా నా సంబరం చూడాల మీరు. బర్రెలు లేస్తాండాయి! దువ్వూరు కాడ 'పోం' అన్యా, ఒక అవ్వ కోళ్ళగంప నెత్తిన పెట్టుకోని చేన్లోంచి పరిగెత్తుకుంటా వచ్చె, "ఆపు నాయనా, ఆపు" అని. ఆమె పక్కనే ఇంకో 'పోం' కొట్టి పోయినా. ఆ యవ్వ నా ఏడు తరాలను ఎత్తి తిట్టె. ఇల్లు చేరేదాకా నవ్వినా. ఆ నవ్వంతా ఇప్పుడు కక్కుతాండాలే!

అప్పటికి నా పెండ్లాం రత్న పురిటికని పుట్టింట్లో ఉండాది. మా మేనమామ కూతురే. వేముల దాటి పులివెందల తట్టు పోతే వాళ్ళ ఊరు. కొడుకు పుట్టినాడు, ఐదు నెలలు నిండినాయి. ఈడ నేనొక్కణ్ణే. సంగటి నేను కెలికితే ఒక పక్క పచ్చి పిండి, ఒక పక్క మాడు. బిడ్డ మీద పానం కొట్టుకుంటా ఉంటాది. అందుకే వారం వారం పోతాంటి.

ఆ ఊరు రోడ్డుకు కొంచెం లోపలికుండాది. బస్సు డ్రైవరు ఓబులయ్య, ఊరి ముందర వాగుండాదే, ఆ వంక కాడికి రాంగానే మూడు తూర్లు పోం కొడ్తాడు. మొదటి పోంకు చెయ్యి కడుక్కోవాల. రెండో పోంకు మూట ఎత్తుకోవాల. మూడో పోంకు గడప దాటాల. ఊర్లో గడియారం ఎవురికీ లేదు, ఆ మూడు పోంలే టైంటేబులు.

నేనేం చేసినా? బస్సు వేళకు కాస్త ముందు అదే వంక కాడ నిలబడి, అదే మాదిరి మూడు తూర్లు కొట్టినా. అబ్బబ్బా! కరణం పంచె బిగించుకుంటా వచ్చె, మా మామ నోట్లో ముద్ద నోట్లో ఉండంగానే వచ్చె, ఆడోళ్ళు సద్దిమూటలతో వచ్చిరి. చూస్తే నేను! ట్యాంకు మీద పడి నవ్వినా. మళ్ళ వారం మళ్ళ కొట్టినా, సగం మందే వచ్చిరి. మూడో వారం కుక్క గూడా రాలా.

"ఊరికి అల్లుడివా, ఊరికి పట్టిన పీడవా బావా? ఆ బూర పీకి పారెయ్," అనె రత్న.

"తీసేస్తాలే," అన్యా. తీస్తినా? తీయలా.

ఇంగ మా మామ పంచాంగం తీసె. "అల్లుడా, గురువారం దినం బాగుండాది. రత్న బిడ్డనెత్తుకోని పొద్దున బస్సుకు వస్తాది. మర్నాటి నుంచి మూఢం. మూఢంలో బాలింతను పంపం. గురువారం పొద్దు మునిగేలోపల పొలిమేర దాటకపోతే ఇంగ రెండు నెలలు ఈడ్నే!"

నా బండి మీద తీసుకపోతా అన్యా. రత్న ఎగిరి పడె. నా బండికి వెనక సీటు యాడిది? మూటలు కట్టే ఇనప కమ్మీలు. "నా బిడ్డను కమ్మీల మీద కూచోబెడ్తావా? మేము బస్సుకే వస్తాం, పో!" అనె.

గురువారం వచ్చె. ఇంటికి సున్నం కొట్టినా, ఉయ్యాల కట్టినా, మల్లెపూలు కొనుక్కోని ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడినా. బస్సొచ్చె. మనుషులు దిగిరి, కోళ్ళు దిగె, ఒక మేక గూడా దిగె. రత్న దిగలా.

"ఓబులయ్యా, మా వాళ్ళు యాడ?"

"మీ అత్తగారూరా? పోం కొట్టీ కొట్టీ నా చెయ్యి పడిపాయ! ఒక్క మనిషి బయటికి రాలా. ఊరు ఖాళీ చేసి పోయినారేమో అనుకోని వచ్చేసినా."

నాకు అప్పుడు తెలిసొచ్చింది. పూలు యాడ పడేసినానో, బండి ఎట్ల ఎక్కినానో. ఆ తొందర్లో పెట్రోలు సంగతే మర్చిపోయినా. సరిగ్గా ఆ వంక కాడికి పోయినాక బండి బుక్ బుక్ మని ఆగిపాయ. తోసుకుంటా ఊర్లోకి పోయినా.

రత్న అరుగు మీద కూచోని ఉండాది. పక్కన ట్రంకుపెట్టె, ఒళ్ళో బిడ్డ, కండ్ల నిండా నీళ్ళు. "పోం అంటే నువ్వేలే అనుకుంటిమి. 'మళ్ళ ఎగతాళికి వచ్చినాడు' అని నాయన తలుపు గూడా ఏసె," అనె. ఆ పక్కన కరణం. "ఈ పొద్దు నా బిడ్డ సంబంధం మాట్లాడేకి ప్రొద్దుటూరు పోవాల్సినోణ్ణి. నీ పుణ్యాన ఈడ ఈగలు తోలుకుంటాండా!" అని పండ్లు కొరికె. నా కొడుకు నన్ను చూసి బోసి నోరు తెరిచి నవ్వె. ఏడుపొచ్చింది అప్పా, నిజంగా. రెండు నెలలు ఈ నవ్వు కనపడదు గదా అని.

మా మామకు నన్ను కొట్టాలని ఉండాది గానీ, అల్లుణ్ణి గదా. "ఎద్దులబండి కట్టండ్రా. వేములలో చిన్నత్త ఇంటికి చేరిస్తే, ఎల్లుండి బస్సు ఆడ ఎక్కుతారు. పొలిమేర దాటితే ప్రయాణం మొదలైనట్టే," అనె. ఎద్దులు చేన్లో ఉండాయి. వాటిని తోలుకోనొచ్చి బండి కట్టేసరికి పొద్దు కొండెక్కె. పెట్టె, రత్న, బిడ్డ బండిలో. వెనకాల నేను నా మోటరు సైకిలు తోసుకుంటా.

ఆ ఎద్దులు దుక్కి దున్ని అలిసిపోయిండాయి. ఒక్కో అడుగూ ఆలోచించి ఏస్తాండాయి. మా మామ పొద్దు తట్టు చూస్తాడు, ఎద్దుల తట్టు చూస్తాడు, నా తట్టు చూస్తాడు. పొలిమేర రాయి ఆడ కనపడ్తాండాది, పొద్దు ఈడ కొండ మీద కూకోనుండాది. ముల్లుకర్రకు గూడా కదలవు. నాకు తిక్క రేగి, ఆ రబ్బరు బుడ్డను రెండు చేతుల్తో పట్టుకోని గట్టిగా నొక్కినా.

"పోం......!"

ఎద్దులు తోకలు పైకెత్తినాయి సామీ! బండి ఎగిరెగిరి పడ్తాండాది, రత్న బిడ్డను కరుచుకోని నన్ను తిడ్తాండాది, బిడ్డ కిలకిలా నవ్వుతాండాడు, మా మామ పగ్గాలు పట్టుకోని "ఓ... ఓ..." అంటాండాడు. రాయి దాటిపోయిరి! పొద్దు ఇంకా జానెడుండాది. నేను మాత్రం పెట్రోలు లేని బండిని వేముల దాకా తోసినా. దావెంబడి తోసేటప్పుడు గూడా అది ఎడమకు తిరగలా.

శనివారం పెండ్లాం బిడ్డలతో ఇల్లు చేరినా. సోమవారం మస్తానన్న దగ్గరికి పోయి బూర పీకించినా. "ఇప్పుడు ఎడమకు తిరుగు, పో," అని నవ్వె. మళ్ళ 'పీ'. బర్రెలు మళ్ళ పండుకున్యాయి. పండుకోనీ.

ఇంగ మొన్న ఆదివారం. మా అత్త బిడ్డకని గుడ్డలు కుట్టిపెట్టింది, తెమ్మని రత్న అనె. బండి మీద పోతే ఆ ఊర్లో రాళ్ళు పడ్తాయని బస్సెక్కినా. వంక కాడ ఓబులయ్య మూడు పోంలు కొట్టె. ఎవురూ రాలా. ఆయన కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, చేతులు నోటికడ్డం పెట్టుకోని అరిచె:

"అల్లుడు కాదప్పో! బస్సు! బస్సు!"

దినామూ అట్లనే అరుస్తాండాడంట, నా మూలాన. అప్పుడు తలుపులు తెరిచి ఒక్కొక్కరే వచ్చిరి. అందరికంటే ముందర కరణం, చంకలో మూట. మెట్టు మీద కాలు పెట్టినాడు, కిటికీ కాడ నా మొగం కనపడె. కాలు వెనక్కి తీసుకున్యాడు.

"రేయ్, వీడేరా! అల్లుడే! పోండి ఇండ్లకు!"

మూటలన్నీ వాపసు! ఓబులయ్య స్టీరింగు ఇడిచిపెట్టి నాకు దండం పెట్టె. "దిగు నాయనా. దిగి ఇంటింటికీ పోయి నువ్వే చెప్పిరా, ఇది బస్సేనని. అంతవరకూ ఈడ్నే ఉంటా," అనె.

మొదట మా మామ ఇంటి తలుపు తట్టినా. "మామా, నిజంగా బస్సే వచ్చింది. నా కొడుకు మీద ఒట్టు!" అన్యా.

లోపల గడియ పెట్టుకున్న చప్పుడు వినపడె.