సిస్టరమ్మ యుకులేలే

పెళ్లయి నేను హుస్నాబాద్ పక్క పల్లె నుంచి ఆదిలాబాద్ జిల్లాలోని బొగ్గుగనుల ఊరికి వచ్చేనాటికి మా ఆయన గనిలో దిగి పనిచేసేవాడు. రెండు గదుల క్వార్టర్‌లో ఆయన, మా అత్త, నేను. ఎదురింట్లో దవాఖాన నర్సు ఒంటరిగా ఉండేది. రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ల కుటుంబం ఆమెది. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు.

డ్యూటీ నుంచి రాగానే వరండాలో కూర్చుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక చిన్న వాయిద్యాన్ని గుండెకు ఆనించుకుని వాయించేది. చూడటానికి గిటారే గానీ మూరెడుంటుంది, నాలుగే తీగలు. దాన్ని యుకులేలే అంటారని, చనిపోయిన భర్త బొంబాయిలో కొన్నాడని తర్వాత చెప్పింది.

ఆమె వాయించేవన్నీ తన పడుచుదనపు ఇంగ్లీషు డాన్సు పాటలు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా నేను బియ్యం చెరుగుతుంటే చేట ఆ తాళానికే ఆడేది. అది చూసి నవ్వి, ఒకరోజు రమ్మని పిలిచింది. తీగల మీద వేళ్లు నొక్కిపట్టే తీరును పట్టు అంటారట; మూడు పట్లు వస్తే చాలు, సగం పాటలు వచ్చినట్టే అంది. మొదట్లో వేళ్ల కొసలు మండి, అన్నం కలుపుకోలేకపోయేదాన్ని. తర్వాత ఆ మూడు పట్లతోనే హోటల్ రేడియోలో విన్న హుషారు పాటలు కూడా వాయించడం పట్టుబడింది. మా అత్తకు మాత్రం నచ్చలేదు. ఊళ్లో కాపుదనం, సేద్యం చేసుకున్న ఇంటి కోడలు తీగలు మీటుతుంటే నలుగురూ నవ్వుతారని గొణిగేది. అందుకని ఆయన ముందు ఎప్పుడూ వాయించలేదు.

ఆ వానాకాలం గనిలో పైకప్పు కూలింది. మా ఆయనా, ఆయన జోడీదారూ ఒకేచోట పనిచేస్తున్నారు. ఈయనను బతికుండగా బయటికి తీశారు. జోడీదారు బతకలేదు.

ఒంటి మీద పెద్ద దెబ్బలేవీ లేవు గానీ మా ఆయనకు మాట పోయింది. గోడకు ఆనుకుని కూర్చునేవాడు. షిఫ్టు కూత వినిపిస్తే చెవులు మూసుకునేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆ సంగతే తవ్వి, ఆయన ముందే ఏడ్చి పోయేవాళ్లు. సిస్టరమ్మ మందులిచ్చింది, చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చునేది. గుణం కనిపించలేదు.

ఒక పగటిపూట వచ్చినవాళ్లు వెళ్లాక అత్త నా దగ్గరికి వచ్చింది.

"గీ ఏడుపులు ఇని ఇని వాడు ఇంకింత కుంగిపోతుండు. గా సిస్టరమ్మ దగ్గర నేర్సినవు గదా, జర తెచ్చి కొట్టు."

జోడీదారు ఇల్లు మాకు రెండిళ్ల అవతలే. అతని భార్య చిన్నపిల్ల, బొట్టు తీసి నెల కూడా కాలేదు. ఆ వాడలో నవ్వులాట పాట ఎలా వాయించను? చివరికి ఆమెనే అడుగుదామని పోయాను. పొయ్యి ముందు కూర్చుని ఉంది. పక్కన కూర్చుని అత్త అన్నమాట చెప్పాను. విని, పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"కొట్టక్కా," అంది. "అన్నకు జర మంచిగైతే మా ఆయన ఆఖర్న ఏమన్నడో అడగాల్నని ఉన్నది. ఇంకెవరికి ఎరుక?"

యుకులేలే తెచ్చి ఆయనకెదురుగా కూర్చున్నాను. రేడియోలో వచ్చే గుర్రబ్బండి పాట ఎత్తుకున్నాను. భయంతో వేళ్లు జారి రెండుసార్లు తప్పాను. ఆయన తలెత్తలేదు. మూడోసారి మొదలుపెడుతుంటే నేలమీద ఆయన వేలు కదిలింది, తాళం వేస్తోంది. పాట అయ్యేసరికి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మల్ల కొట్టు," అన్నాడు.

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

అలా రోజూ వాయించాను. వారం పది రోజులకు ఆయన లేచి, తనే నడిచి ఆ పిల్ల ఇంటికి పోయాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. ఏం చెప్పాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పూట మాత్రం కడుపునిండా తిన్నాడు.

గనిలోకి మళ్లీ దిగలేదు. పైనే, గనిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని అడిగి చేరాడు. పిరికోడని కొందరన్నారు, పట్టించుకోలేదు. ఆ పిల్లకు సిస్టరమ్మ దవాఖానలో ఆయా పని ఇప్పించింది.

రెండేళ్లకు సిస్టరమ్మ సికింద్రాబాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ యుకులేలే నన్ను తీసుకొమ్మంది. భర్త గుర్తు ఆమె దగ్గరే ఉండాలని నేనే ఒప్పుకోలేదు. ఆమె రైలెక్కిన తర్వాత మా ఆయన నిర్మల్ పోయి, బొమ్మలు చేసే ఒకాయనతో అలాంటిదే చేయించుకొచ్చాడు. తేలికైన పొనికి చెక్క, దానిమీద పచ్చ చిలుకలు. మోత సరిగా రాదు, తీగలు పొద్దుటికల్లా వదులైపోతాయి. మా అత్త దాన్ని ముందరి గదిలో అందరికీ కనిపించేటట్టు తగిలించి, వచ్చినవాళ్లకల్లా మా కోడలు వాయిస్తదని చెప్పేది.