సుగుణ బిడ్డకు మా షెడ్డులో తొట్టెల

నిన్న పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిచేసరికి మా ఇంటివాళ్ల గ్రూపులో ఓట్లు పడుతున్నాయి. ఈ మధ్య మా దగ్గర ఏ ఎన్నికలూ లేవే అనుకుంటూ కళ్లద్దాలు వెతికి పెట్టుకుని చూస్తే, అవి పేర్ల ఎన్నికలు! మా యారాలి కూతురికి ఇప్పుడు ఏడో నెల. యారాలంటే మా బావగారి భార్య, నా తోడికోడలు. మా మేడ్చల్ వైపు అలాగే అంటాం, పిలవడం మాత్రం అక్కా అనే. ఆ పిల్ల గుండ్లపోచంపల్లిలో తన ఫ్లాటులో కూర్చుని, ఆడపిల్లయితే ఏ పేరు, మగపిల్లాడయితే ఏ పేరు, మీరే చెప్పండి అంటూ వరసగా పేర్లు పెట్టి, పక్కన బెలూన్ల బొమ్మలు, స్కానింగ్ ఫోటో కూడా అతికించింది. అందరూ ఓట్లేశారు. ఇంకా మాటలు సరిగ్గా రాని మా మనవడు కూడా నా వేలు పక్కకు నెట్టి మరీ ఓటేశాడు. ఒక్క మా యారాలు వేయలేదు. ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనబడుతోంది గాని ఉలుకూ పలుకూ లేదు.

ఎందుకు వేయలేదో ఆ గ్రూపులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పిల్లలకు చెబితే నవ్వుతారు. రేడియో ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్న మన తరం వాళ్లకైతే అర్థమవుతుందని మీకు చెబుతున్నాను.

ఇప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోతుంటే అన్నీ గేట్లు, గేట్ల వెనక విల్లాలు. తొంభైల్లో ఆ దారికి అటూ ఇటూ ద్రాక్షతోటలే ఉండేవి. పందిళ్ల కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం ఎండ కూడా పచ్చగా పడేది. మేమిద్దరు కోడళ్లం ఒక పటేలు తోటలో పనికి వెళ్లేవాళ్లం. కొమ్మలు కత్తిరించే రోజుల్లో ఒక పని, గుత్తుల్లో సన్నకాయ ఏరేసే రోజుల్లో ఒక పని, కాయ తెగే కాలం వస్తే రేకుల షెడ్డులో కూర్చుని దెబ్బతిన్న పండ్లను కత్తెరతో తీసేసి, పేపరు పరిచి డబ్బాల్లో పేర్చడం. చేతులు జిగట, చీర కొంగు జిగట, కందిరీగలు మాకంటే ముందే వచ్చి కూర్చునేవి. ఇప్పటికీ మా ఇంట్లో ద్రాక్షపండ్లు తెస్తే నేను ముట్టను. పటేలు తోటంతా తినేసి వచ్చింది, ఇంకేం తింటుందిలే అని మా ఆయన ఎగతాళి చేస్తారు.

ఆ షెడ్డులో ఇనుప స్తంభానికి ఒక రేడియో వేలాడుతుండేది. వాన కబుర్లు వినడానికని పటేలు పెట్టించారు గాని మేం వానల్ని వదిలేసి కథలు వినేవాళ్లం. మధ్యాహ్నం సద్దులు విప్పే వేళకు రోజూ ఒక సీరియల్ వచ్చేది. దానికేదో పెద్ద పేరుండేది, మేమెవరమూ ఆ పేరుతో పిలవలేదు. మాకది సుగుణ కథ, అంతే. సుగుణ అనే ఒక మంచి కోడలు, గయ్యాళి అత్త, తల్లి మాట జవదాటని మెత్తటి మొగుడు. నేను పెళ్లై వచ్చేనాటికే అది నడుస్తోంది, ఎన్నాళ్లుగా నడుస్తోందో ఎవరికీ గుర్తులేదు. సుగుణను ఎవరూ చూడలేదు గనుక ఎవరి సుగుణ వారిది. నా సుగుణ బక్కపలచగా, జారుముడితో ఉండేది. మాచేత పని చేయించే మేస్త్రి పెద్దమ్మ సుగుణ అచ్చం పెద్దమ్మలాగే బొద్దుగా ఉండేదట. మాతో పనిచేసే చర్చి వదినైతే, ఒక ఆదివారం ప్రార్థనలో సుగుణ కష్టాలు తీరాలని అందరిచేత మోకాళ్లు వేయించింది. తీరా పాస్టరుగారు, ఆ సోదరిది ఏ ఊరమ్మా, ఒకసారి చూసి వద్దామని అడిగితే ఏం చెప్పాలో తెలియక, "జర దూరముంటది అయ్యగారూ" అని తప్పించుకుని వచ్చింది. ఆ మాట చెప్పుకుని మేం ద్రాక్ష కాలం అయిపోయేదాకా నవ్వాం.

సుగుణకు ఒక కాన్పు పోయింది. మా యారాలికి రెండు. ఇద్దరికీ ఇంచుమించు ఒకే కాలంలో మళ్లీ నెల తప్పింది, సుగుణ ఒక నెల రెండు నెలలు ముందుంటుందేమో.

మా అత్తమ్మ మంచిదే, కాని భయం మనిషి. ఈసారి ఎవరూ నోరెత్తవద్దని ఇంట్లో కట్టడి చేసింది. గాజులు వద్దు, పూలు వద్దు, చిన్న అంగీ కూడా కుట్టొద్దు, బిడ్డ పేరనే మాట చెవిన పడొద్దు. లేని బిడ్డను పేరుతో పిలిస్తే వినకూడనివి వింటాయని ఆమె నమ్మకం. మా యారాలు కూడా అదే నమ్మింది. కడుపు ముందుకొస్తున్నా కొంగు నిండా కప్పుకుని, ఎలా ఉందక్కా అని ఎవరైనా అడిగితే, ఏముంది బాగానే ఉన్నా అని అటు తిరిగిపోయేది. ఆ రెండు పసిగుడ్లను మోసిన మనిషి గుండెలో ఎంత భయం ఉంటుంది చెప్పండి! అది ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా. సుగుణ మీదుగా వచ్చింది.

"గా సుగుణతోని బిందెలు మోపిస్తున్రు సూడుండ్రి, నడుము గుంజదా ఆమెకు?" అనేది అన్నం కలుపుతూ. మర్నాటి నుంచి ద్రాక్ష డబ్బాలు ఎత్తే పని ఆమె దాకా రానిచ్చేవాళ్లు కాదు. సుగుణకు పుల్లటిది తినబుద్ధి అవుతుండొచ్చు అనేది, తెల్లారి ఆమె సద్ది గిన్నె పక్కన ఎవరో ఒకరు చింతకాయలు పెట్టి పోయేవాళ్లు. ఎవరు పెట్టారని ఆమె అడగదు, మేం చెప్పం. షెడ్డు షెడ్డంతా ఆ ఆటలో ఉంది గాని, ఆట అని ఒక్కరూ అనలేదు.

ఒకరోజు కత్తెర పక్కన పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా, "సుగుణకు నిన్నటి సంది కడుపుల బిడ్డ మెదుల్తలేదేమో" అంది. రేడియోలో సుగుణ నిక్షేపంగా వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. మేస్త్రి పెద్దమ్మ చేతులు కడుక్కుని లేచి, "నడువు బిడ్డా, సుగుణను దవాఖాన్ల సూపిచ్చుకొని వద్దాం" అని ఆమె చేయి పట్టుకుని మేడ్చల్ బస్సెక్కించింది. తిరిగి వచ్చేదాకా మా చేతుల్లో కత్తెరలు ఆడలేదు. పొద్దు వాలుతుండగా ఇద్దరూ దారిలో కనబడ్డారు. పెద్దమ్మ దూరం నుంచే చెయ్యి ఊపుతూ, "సుగుణ బిడ్డ మంచిగనే ఉందట! ఇగ పని జేయుండ్రి!" అని కేకేసింది. చర్చి వదిన ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

అత్తమ్మ సీమంతం వద్దంది కదా, మేం సుగుణకు చేశాం. పటేలు లేని రోజు చూసుకుని రేడియోకు పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, ఆకుపచ్చ గాజులు తెచ్చాం. రేడియోకు చేతులుండవు గదా, ఎవరో ఒకరు తొడుక్కోవాలి అని పెద్దమ్మ అమాయకంగా అని, మా యారాలి చేతులు ముందుకు లాగి తొడిగింది. ఇంటికి వెళ్లేముందు ఆమె ఆ గాజులన్నీ తీసి షెడ్డులో మేకుకు తగిలించేది, పొద్దున రాగానే మళ్లీ వేసుకునేది.

కాయ తెగే కాలంలో సుగుణకు ఆడపిల్ల పుట్టింది. ఆహా, ఆ రోజు మా సంబరం చూడాలి! బెల్లం పంచుకున్నాం. కాని రేడియో వాళ్లు పిల్లకు పేరు పెట్టకుండా సాగదీస్తూ పోయారు. ఏ పేరు పెట్టాలని అత్తకూ కోడలికీ అక్కడ పంచాయితీ, ఇక్కడ మాకూ పంచాయితీ. వయసు పిల్లలు సినిమా పేర్లన్నారు. చర్చి వదిన మేరీ అంది. మేస్త్రి పెద్దమ్మ మాత్రం పెంటమ్మ అని పెట్టాల్సిందేనని పట్టుబట్టింది. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తర్వాత పుట్టిన బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు తెచ్చుకుని, ఎవరి కన్నూ పడకుండా ఆ పేరు పెట్టడం మీకు తెలిసిందే. పెద్దమ్మ పేరే అది. "నన్ను సూడుండ్రి, రాయి లెక్క లేనా?" అని గుండె మీద చరుచుకుంది. మాటా మాటా పెరిగి అందరం ఒక్కసారే అరుస్తుంటే, మధ్యలోంచి మా యారాలు, "గవేం పేర్లు! స్వరూప అని పెడితే ఎంత సల్లగుంటది!" అంది.

అంతే, అందరం ఆమె వైపు తిరిగాం. అది సుగుణ కోసం అప్పటికప్పుడు తట్టిన పేరు కాదని ఆమె గొంతులోనే తెలిసిపోయింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, ఎంత పని చేశాను అన్నట్టు మా అందరి వంకా చూసింది. ఇంకా పుట్టని బిడ్డ పేరు పదిమందిలో పైకి అనేసింది మరి.

మేస్త్రి పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. ఖాళీ ద్రాక్ష డబ్బా తెప్పించి, అందులో తన చీర కొంగే పరిచి, రేడియోను స్తంభం మీంచి దించి పడుకోబెట్టింది. మా అందరిచేత తొట్టెల ఊపినట్టు ఊపించింది. రేడియో దగ్గరికి నోరు పెట్టి, స్వరూపా, స్వరూపా, స్వరూపా అని పిలిచి, "ఇగో, ఇది సుగుణ బిడ్డ పేరు. అందరు ఇన్నరు గదా? మా పిల్ల కడుపులున్న దానికి ఏ పేరూ లేదు" అని ఊరికంతా వినబడేలా చెప్పింది. మేం విన్నాం విన్నాం అన్నాం. ఎవరికి చెబుతున్నామో మాకే తెలియదు, చెప్పడం మాత్రం గట్టిగా చెప్పాం.

భయం తీరింది గాని, ఇంటికి నడిచేటప్పుడు మా యారాలు దారి పొడవునా ఏడ్చింది. మొదటి కాన్పు నాటి నుంచీ మనసులో దాచుకున్న పేరది. రెండుసార్లు దానిని పిలవకుండానే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చేతులారా రేడియోకు ఇచ్చేసింది. బిడ్డ దక్కితే చాలదా అక్కా, పేరుదేముంది అన్నాను. చాలు అంది, మళ్లీ ఏడ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు రేడియోలో పిల్ల పేరు తేలింది. సుగుణ అత్త పంతం నెగ్గించుకుని తన తల్లి పేరు, రాజేశ్వరి అని పెట్టించింది! షెడ్డులో తిట్లే తిట్లు. ఆ ముసలిదాని తల్లి పేరా, సుగుణ నోట్లో నాలుక లేదా, ఆ మొగుడొక మనిషేనా అని మా వాళ్లు సద్దులు కూడా ముట్టలేదు. మా యారాలు ఒక్కతే గబగబా అన్నం తింటోంది. ముఖం దాచుకుంటోంది గాని నవ్వు ఆగడం లేదు. ఆ పేరు ఎవరికీ అక్కర్లేక ఆమె దగ్గరికి తిరిగి వచ్చేసింది.

ఎండాకాలం చివర ఆమెకు ఆడపిల్ల పుట్టింది. చక్కగా, గట్టిగా, ఏడుపుతో ఇల్లు ఎగిరిపోయేలా. ఇరవై ఒకటో రోజు అత్తమ్మ తవుడు సిద్ధం చేసుకుని, పిల్లను చాటలో పడుకోబెట్టింది. పెంటమ్మ అనే పేరు ఖాయం. మా యారాలు గోడకు ఆనుకుని తలవంచుకుని కూర్చుంది, ఎదురు చెప్పే మనిషి కాదు. అప్పుడు వచ్చింది మేస్త్రి పెద్దమ్మ. అదే పేరు కోసం షెడ్డులో గొంతు చించుకున్న మనిషి, అత్తమ్మ పక్కన చతికిలబడి, "వదినా, గా పేరు నేను పుట్టినకాడికెల్లి మోస్తున్న. పిలిచినోళ్లు పిలిచినట్టే నవ్విన్రు. ఈ పిల్లకెందుకు? స్వరూప అని పెట్టు. గా పేరుకున్న దిష్టంత ముందుగాల్నే వేరే పిల్లకు పోయింది" అంది.

అత్తమ్మ కళ్లెగరేసి, "ఏ పిల్లకు? సుగుణ బిడ్డకా?" అంది.

మేం నోళ్లు తెరిచాం. రేడియో ముఖం ఎరుగదనుకున్న మా అత్తమ్మ, రోజూ మధ్యాహ్నం మేం తోటలో ఉండగా పక్కింటి గోడ దగ్గర ముక్కాలిపీట వేసుకుని ఒక్క రోజు తప్పకుండా వింటోందట! "సుగుణ బిడ్డకు గా రాజేశ్వరేంది, నాక్కూడ నచ్చలే" అని గొణిగి, చాటలోంచి పిల్లను ఎత్తుకుని, తనే చెవిలో స్వరూపా అని పిలిచింది. భయం మాత్రం పోలేదు పాపం. బతికినన్నాళ్లూ పదిమందిలో ఆ పిల్లను పెంటీ అనే పిలిచింది.

ఆ స్వరూపే ఇప్పుడు ఓట్లడుగుతోంది. తప్పు పట్టను, ఆ పిల్ల సంతోషం ఆ పిల్లది. దాచుకోవలసిన భయమేదీ దాని జోలికి రాకుండా దాని తల్లి చూసుకుంది. తోట పోయింది, షెడ్డు పోయింది, పెద్దమ్మ పోయింది. సుగుణ కథ ఎప్పుడు ఎట్లా ముగిసిందో కూడా నాకు తెలియదు. ఇప్పుడు కథలకు కరువు లేదు, ఎవరి ఫోనులో వారికి ఒకటి, ఎవరి చెవిలో వారికి ఒకటి. పక్కనున్న మనిషి దేనికి కళ్లు తుడుచుకుంటోందో అడిగితే తప్ప తెలియదు. ఒక మనిషి భయాన్ని అందరం తలా కాస్త పట్టుకుని మోసిన ఆ చోటు మళ్లీ దొరకలేదు నాకు.

నిన్న మధ్యాహ్నమే మా యారాలికి ఫోను చేశాను. ఓటు వేయలేదేమక్కా అని అడగలేదు. ఆమే కాసేపు అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి, "చెల్లె, నువ్వు టీవీ సూస్తవ్ గద. గిప్పుడు ఏ సీరియల్లనన్న ఎవలికన్న ఏడో నెలుందా?" అంది.

లేదని ఎట్లా చెప్పను? ఉందక్కా, ఒక కోడలికి ఉంది, బాగానే ఉంది, నేను రోజూ చూస్తున్నా అన్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

"గా పిల్లను జర పైలంగ ఉండుమను" అంది.