ముంగట బర్రె ఉన్నది

ఆ రోజుల్లో మాదాపూర్‌లో అద్దాల మేడలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి, వాటికి వెళ్లే దారిలో గేదెలు మాత్రం లెక్కలేనన్ని. అంత ఖాళీ రోడ్డు మీద ప్రమాదం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందని మనబోటివాళ్లం అనుకుంటాం. మా మేనేజరు అలా అనుకునే మనిషి కాదు. విదేశంలో కొన్నాళ్లు ఉండి వచ్చిన ఆయనకు ప్రతి బండరాయి వెనకా ఏదో ఒకటి పొంచి ఉన్నట్టే కనిపించేది (చాటుగా ఆయన్ని మేం 'జాగ్రత్త గారు' అనేవాళ్లం). కంపెనీ వ్యాన్ల డ్రైవర్లకు శిక్షణ ఉండాలని ఆయనే పట్టుబట్టాడు. రాబోయే ప్రమాదాన్ని ముందే పసిగట్టాలి, పక్కనుంచి ఎవరేం వాగినా ధ్యాస చెదరకూడదు. మరి వాగడానికో మనిషి కావాలి కదా. కాకినాడ నుంచి వచ్చి అడ్మిన్‌లో కొత్తగా చేరిన నన్నే ఆయన ఎందుకు ఎంచుకున్నాడో ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకది ప్రమోషన్‌లా తోచింది.

రోజూ పొద్దున ఒక డ్రైవరు పక్కన కూర్చుని, గచ్చిబౌలి దాకా వెళ్లి వచ్చేవరకూ నోరు మూయకుండా మాట్లాడటం నా పని. కుర్ర డ్రైవర్లు ఇట్టే గట్టెక్కేశారు (నా మాటలు పట్టించుకోకుండా ఉండటం వాళ్లకంత తేలికైనందుకు కాస్త నొచ్చుకున్నాను కూడా). చిక్కంతా పుప్పాలగూడ పెద్దాయనతో వచ్చింది. మా నాన్న వయసు, అందరం 'కాక' అనేవాళ్లం. మీ పెద్దమ్మాయి ఏం చదివిందని అడిగితే మొహం పూర్తిగా నావైపు తిప్పి, బడిలో వేసిన రోజునుంచి మొదలుపెట్టేవాడు. శిక్షణ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. ఇంకోసారి తప్పితే వ్యాను దిగాల్సిందేనని జాగ్రత్త గారు తేల్చేశాడు.

"అడిగితే చెప్పకుంటే ఎట్ల బిడ్డా? మూతి ముడుచుకుని కూసుంటే నువ్వేమనుకుంటవ్?" అన్నాడు కాక.

నా నోటి మూలంగా ఒక మనిషి ఉద్యోగం పోతుందంటే నాకు భయమేసింది. అందుకని ఉపాయం చెప్పాను. జవాబివ్వకుండా ఉండలేకపోతే, ఎవరేం అడిగినా ఎదురుగా కనిపించే ప్రమాదాన్నే జవాబుగా చెప్పండి కాకా, మర్యాదా దక్కుతుంది, చూపూ రోడ్డు మీదే ఉంటుంది అన్నాను. బ్రహ్మాండంగా పనిచేసింది. టీ తాగారా అంటే "ముంగట బర్రె ఉన్నది" అనేవాడు. పరీక్ష రోజు వెనక సీట్లో కూర్చున్న జాగ్రత్త గారు మురిసిపోయి, ఇకనుంచి తన వ్యాను కాకే నడపాలన్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన ఒక పెద్ద ఒప్పందం పనిమీద బొంబాయి బయల్దేరాడు. ఫైళ్లు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. జూబ్లీహిల్స్ దాటుతుండగా ఆయనకు గుర్తొచ్చింది, టికెట్టున్న సంచీ బల్లమీదే ఉండిపోయిందని. వ్యాను వెనక్కి తిప్పమన్నాడు.

"ముంగట సైకిల్," అన్నాడు కాక.

"నేను చెప్పేది వినబడుతోందా?"

"కుడికి ఆటో. లోపలాయన చెయ్యి బయట పెట్టిండు."

జాగ్రత్త గారు నావైపు చూశాడు. నేనూ బతిమాలాను. కానీ నేను నోరు విప్పితే అది పరీక్షేనని కాకకు రూఢి అయిపోయింది. ఒక్క కుదుపు లేకుండా బేగంపేట విమానాశ్రయం ముందు ఆపి, ఇంజను కట్టేసి, వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్, ఏదో అన్నట్టున్నరు."

విమానం వెళ్లిపోయింది. కోప్పడదామంటే జాగ్రత్త గారికి దారి లేదు. బండి కదులుతున్నంతసేపూ ఎవరి మాటా వినకూడదని నియమం పెట్టింది తనే, ఆ ఎవరిలో మేనేజరు లేడని చెప్పడం మరిచింది కూడా తనే. కాక ఉద్యోగం నిలిచింది, నా పదవి పోయింది. నన్ను స్టేషనరీ గదికి మార్చారు. అక్కడ నా మాటలకు ధ్యాస చెదిరేది కాగితం కట్టలకే.

ఒక సాయంత్రం ఇంటికి వెళ్తూ, జాగ్రత్త గారూ మిగతావాళ్లూ దిగిపోయాక, కాక వ్యానులో చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. దారిలో టీ బండి దగ్గర ఆపి, నాకో గ్లాసు ఇప్పించి, ఆయనంతట ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్లో భూమి కోసం రోజూ ఎవరో ఒకరు వస్తున్నారట. తమ్ముళ్లు అమ్ముదామంటున్నారట. అమ్మితే ఏం చేయాలో, అమ్మకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియడం లేదు.

"బండి నడుపుతున్నంతసేపు ఈ ఫికర్ రాదు బిడ్డా. ఆపినంక వస్తది," అన్నాడు.

ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. ఆయన ఇంకా చెప్తూనే ఉన్నాడు. అప్పటి నన్ను, ఆ వాగుడుకాయ పిల్లను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. చల్లారిపోయిన టీ పట్టుకుని, ఎదుటి మనిషి చెప్పుకోవడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడింది.