ఒదిగే బోర్డు

ఆయన్ని అందరూ బ్రష్షు బాబాయి అనేవాళ్ళు. మీసం మొలిచింది మొదలు షాపుల నుదుట పేర్లు రాయడమే ఆయన పని. సుద్ద పూసిన దారం గోడకి బిగలాగి టప్పున వదిలాడంటే, ఆ గీత మీద అక్షరాలు బడిపిల్లల్లా వరసగా నిలబడాల్సిందే. అలాంటి మనిషి ఒకరోజు నిచ్చెన మీంచి పడ్డాడు. భుజం ఎముక అతికింది గానీ, చెయ్యి తలకంటే ఎత్తుకి లేవనని మొరాయించింది.

ఇక ఇంట్లో కాలుగాలిన పిల్లే. వంటింటి డబ్బాల మీద పేర్లు రాయడం, నచ్చక చెరపడం, మళ్ళీ రాయడం.

"ఏవండీ, డబ్బా మీద ఉప్పు అని లేకపోతే నేను పంచదార వేస్తానా?" అని విసుక్కుని, భార్య ఆయన మేనకోడలికి ఫోన్ చేసింది.

ఆ అమ్మాయి చిన్న చిన్న షాపులకి వెబ్‌సైట్లు చేసేది. కళ్ళజోళ్ళ దుకాణం మేడ మీద గది, రెండు బల్లలు, నేలంతా వైర్లు. ఒక బల్ల ముందు ఆయన్ని కూర్చోబెట్టింది.

"మావయ్యా, కోడ్ రాయడం నాకొచ్చు. కంటికింపుగా పేర్చడం రాదు. కోడ్ అక్కర్లేకుండా మౌసుతో పేర్చే టూల్స్ మూడున్నాయి. నీ చేతికి ఏది నప్పితే అదే తీసుకుందాం."

"నాకూ దీనికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరమే, అమ్మడూ!"

"కూర్చో ముందు."

పాత పుస్తకాల షాపు నడిపే ఆవిడకి సైటు కావాలి. దాంతోనే మొదలుపెట్టారు. మొదటి టూల్‌లో అన్నీ తయారుగా ఉన్నాయి. "ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా ఇది. గుండీలు మార్చుకోవాలి, అంతే" అని పక్కన పెట్టేశాడు. రెండోదాంట్లో ఏది ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ప్రాణం లేచొచ్చింది. పుస్తకాల ఫొటో మీద షాపు పేరు ఏటవాలుగా పరిచి, "ఇదే ఖాయం!" అన్నాడు. మేనకోడలు ఆ పేజీని తన ఫోన్‌లో తెరిచి చూపించింది. అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. షాపు ఫోన్ నంబరు సగం అంచు బయటికి పోయింది. ఆయన మొహం వెలవెలబోయింది.

"చూసేవాళ్ళ తెర ఎంతుంటే మన గోడ అంత, మావయ్యా."

మూడోది మొండిఘటం. పెట్టినచోట ఏదీ ఉండదు. పెట్టెలో పెట్టె పెట్టి, ఎవరి పక్కన ఎవరుండాలో, చోటు చాలకపోతే ఎవరు ముందు కిందికి దిగాలో చెప్పుకుంటూ పోవాలి. ఆయన తిట్టని తిట్టు లేదు. ఎలాగో ఒక పేజీ కుదిరాక మేనకోడలు అంది: "ఇప్పుడు మౌసుతో పేజీ కుడి అంచు పట్టుకుని లోపలికి తొయ్యి."

తోశాడు. మూడు వరసల పుస్తకాలు రెండయ్యాయి. ఇంకా తోస్తే ఒకటయ్యాయి. ఫొటో చిన్నదైంది, షాపు పేరు తగ్గి దాని కింద చేరింది. ఏదీ చిరగలేదు, ఏదీ దేన్నీ తొక్కలేదు. అంచు వెనక్కి లాగాడు. అన్నీ మళ్ళీ విచ్చుకున్నాయి. ఊపిరి పీల్చి వదిలినట్టు, తోస్తూ లాగుతూ కూర్చున్నాడు.

"నేను బొమ్మ గియ్యలేదే," అన్నాడు చివరికి. "వీటికి నడవడి నేర్పాను."

"రెండోది తేలిక మావయ్యా. ఇది నేర్చుకోవడం కష్టం."

"తేలికైంది నాకెందుకే! ఇదే కావాలి."

నానా తిప్పలూ పడి నేర్చుకున్నాడు. సైటు బయటికి వచ్చాక, ఒక మధ్యాహ్నం బాబాయి పుస్తకాలావిడ దుకాణంలో కూర్చుని ఉండగా చూపు మందగించిన పెద్దాయన ఒకరు వచ్చారు. కౌంటర్ మీద ఫోన్ పెట్టి అదే సైటు తెరిచారు. చూపు ఆనక ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకున్నారేమో, ఒక్కోటి బొటనవేలంత ఉంది. బాబాయి మెడ చాచి తెరకేసి చూశాడు. ఇంత పెద్ద అక్షరాల సంగతి కలలో కూడా అనుకోలేదు.

పేజీ చెక్కుచెదరలేదు. ఫొటో కిందికి తప్పుకుంది. పుస్తకాల పేర్లకి తెర మొత్తం దక్కింది. పెద్దాయన వేలు ఆనించి, కూడబలుక్కుంటూ చదువుకుపోతున్నారు.

బాబాయి వీధిలోకి వచ్చి మేనకోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మడూ, ఇలా ఉండమని దానికి నేను చెప్పనే లేదే!"

"చెప్పావు మావయ్యా, చోటు చాలకపోతే ఎవరు దిగాలో అని. చెప్పినట్టు నీకు తెలీలేదంతే."

ఆయన దుకాణం వైపు తిరిగాడు. అద్దంలోంచి చూస్తే, పెద్దాయన రెండో పేజీ తెరుస్తున్నారు.